ఒక్క కేబుల్‌వాడితోనే కాలక్షేపం: పాటించదగిన చిట్కాలు

మీ వీధికి ఒక్కడే కేబుల్‌వాడు. మీ అపార్ట్‌మెంట్‌కి ఒక్కటే ఇంటర్నెట్. వాన చినుకు పడితే సిగ్నల్ పోతుంది, ఏడాది తిరిగేసరికి రేటు పెరుగుతుంది. చుట్టుపక్కల వాళ్లంతా దీన్ని కష్టం అనుకుంటున్నారు. మీరు అనుకోకండి. మీ నెత్తిమీద ఉండాల్సిన ఒక నిర్ణయం తగ్గింది, అంతే.

మొబైల్ సంగతి చూడండి. నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరిలో దేశమంతా వచ్చింది. అప్పట్నుంచి జనానికి స్థిమితం లేదు. ఏ ప్లాన్ చవక, ఎవరి టవర్ దగ్గర, ఎవరు ఎన్ని రోజులిస్తున్నారు అని ఒకటే ఆరా. గోడలోంచి వచ్చే తీగకి ఆ బెడద లేదు. ఒక కంపెనీ సెట్‌టాప్ బాక్స్ ఇంకో కంపెనీకి పనికిరాదు. ఏ బాక్సయినా ఎక్కడైనా పనిచేసేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది గానీ, ఆ బాక్సు మన ఇళ్లదాకా రాలేదు. అంచేత మీ బాక్సు మీ దగ్గరే ఉంటుంది, మీరు మీ కేబుల్‌వాడి దగ్గరే ఉంటారు. ఈ ఏర్పాటు చెడకుండా, ఒళ్లు అలవకుండా, పైగా మనమే తెలివైనవాళ్లమన్న తృప్తితో రోజులు గడపడానికి కావలసినవన్నీ కింద రాస్తున్నాను. మీ మేలు కోరి రాస్తున్నాను, వరసగా పాటించండి.

1. "మా ఏరియాకి ఇదొక్కటే వస్తుంది" అన్న మాట కంఠస్థం చెయ్యండి.

ఎవరు అడిగినా ఇదే చెప్పండి. ఎంక్వైరీ మాత్రం చెయ్యకండి. పక్క బ్లాకులో ఎవరి నెట్ వాడుతున్నారో అడిగారా, పని నెత్తిన పడ్డట్టే. కింద కిరాణా కొట్టు గోడమీద అంటించిన కాగితాల మీద ఫోన్ నంబర్లుంటాయి, అటు చూడకుండా పాలప్యాకెట్ తీసుకుని వచ్చెయ్యండి. వెతికితే ఏదో ఒకటి దొరికే ప్రమాదం ఎప్పుడూ ఉంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ఉండొచ్చు. తీగే అక్కర్లేని 5జీ పెట్టె ఉండొచ్చు; 2023 సెప్టెంబరులో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైన 8 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆంధ్రాలో అయితే 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ ఉంది. అప్పట్లో అది నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను కలిపి ఇస్తామంది. ఇక టీవీ ఒక్కటే కావాలనుకుంటే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ 2004 నుంచీ ఉంది, డిష్ కొనుక్కున్నాక నెలనెలా కట్టేది ఏమీ లేదు.

ఇవన్నీ తెలిస్తే ఏమవుతుంది? పోల్చాలి. కాగితం మీద లెక్క వెయ్యాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. తెలియకపోతే ఆదివారం మధ్యాహ్నం నిద్ర మీ సొంతం.

2. అసోసియేషన్ సెక్రటరీ అవ్వండి, కుదరకపోతే సెక్రటరీని మంచి చేసుకోండి.

అన్నిటికన్నా ఫలితమిచ్చే చిట్కా ఇది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తీగ ఇంట్లోకి రావాలంటే ముందు బిల్డింగ్‌లోకి రావాలి. బిల్డింగ్‌లోకి రావాలంటే తీగలు పైకి వెళ్లే షాఫ్ట్ తలుపు తెరవాలి. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటే వంద ఫ్లాట్ల ఇంటర్నెట్ వాళ్ల చేతిలో ఉన్నట్టే.

మొదట వచ్చిన కంపెనీతో బేరం మాట్లాడండి. మీ ఫ్లాటుకి కనెక్షన్ ఉచితం. సెల్లార్‌లో సీసీ కెమెరాలకి నెట్ ఉచితం. వాచ్‌మన్ గదిలో టీవీ ఉచితం. వినాయక చవితి మండపానికి ఒక బ్యానరు, కొంత చందా. ఇంతకి ఒప్పుకున్నారంటే షాఫ్ట్ వాళ్లకి వదిలెయ్యండి. కాగితం మీద ఏమీ పెట్టకండి, మాట చాలు.

రెండో కంపెనీ కుర్రాడు తప్పకుండా వస్తాడు. "అన్నా, మా లైన్ ఏసుకుంటం, షాఫ్ట్ చూపిస్తరా?" అంటాడు. వెంటనే కాదనకండి, కాదంటే కారణం అడుగుతాడు. "జనరల్ బాడీల పెట్టాలె తమ్మీ, వచ్చే నెల రా" అనండి. వచ్చే నెల వస్తే "కోరం లేకపాయె" అనండి. ఆ పై నెల వస్తే కొత్తగా పెయింటింగ్ వేశాం, గోడకి డ్రిల్లింగ్ కుదరదు అనండి. నాలుగోసారి రాడు.

ఏ ఒక్క కంపెనీకీ బిల్డింగ్‌ను రాసివ్వకూడదనీ, లోపలి తీగల దారిని అందరూ పంచుకునేలా ఉండాలనీ ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫార్సు చేసింది. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ టెలికాం ఇంజనీరు గారు ఆ మాట ఎత్తొచ్చు. ఆయన్ని గౌరవంగా కూర్చోబెట్టి, నీళ్ల ట్యాంకరు బిల్లుల మీదికి చర్చ మళ్లించండి. నీళ్ల సంగతి ఎత్తాక ఏ మీటింగూ ఇంటర్నెట్ దగ్గరికి తిరిగి రాదు.

ఏడాది గడిచాక ఆ ఒక్క కంపెనీ రేటు పెంచుతుంది. వంద ఫ్లాట్లవాళ్లు కడతారు. మీకు మాత్రం ఉచితం. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోయాయని ఎవరైనా మీ తలుపు తడితే, "నాకూ రావట్లేదండీ" అనండి. అది ఎలాగూ నిజమే అయ్యుంటుంది.

3. ఏడాదికి ఒకేసారి కట్టండి. నగదే ఇవ్వండి.

పన్నెండు నెలలు కడితే రెండు నెలలు ఫ్రీ అంటారు. ఎగిరి గంతేసి కట్టెయ్యండి. నెలనెలా గుర్తుపెట్టుకునే శ్రమ తప్పుతుంది, పైగా నచ్చకపోతే మానేద్దామన్న పాడు ఆలోచన ఏడాదిపాటు దగ్గరికి రాదు. 499 రూపాయల ప్లాన్ అని చెప్పి, 18 శాతం జీఎస్టీ కలిపి 588 రూపాయల 82 పైసలు అంటాడు. జీఎస్టీ లేకుండా నగదు ఇవ్వండి అంటే ఇంకా మంచిది, ఇచ్చెయ్యండి. రసీదు అడగకండి. అడిగితే దాచాలి, దాస్తే వెతకాలి. మార్చి నెలలో "మీ పేమెంట్ సిస్టమ్‌లో కనబడట్లేదు సార్" అని కొత్త కుర్రాడు అంటే, పాత కుర్రాడికే ఇచ్చానని గట్టిగా చెప్పండి. పాత కుర్రాడు ఉద్యోగం మానేసి ఉంటాడు. మళ్లీ కట్టండి. రెండోసారి కట్టడానికి మొదటిసారి కన్నా తక్కువ టైము పడుతుంది, అన్నీ అలవాటయ్యాయి కదా.

4. చానళ్లు ఎంచుకోకండి.

2019 ఫిబ్రవరి నుంచి మనకు నచ్చిన చానళ్లు మనమే ఎంచుకోవచ్చన్న పద్ధతి వచ్చింది. మొదట్లో 100 చానళ్లకు నెట్‌వర్క్ చార్జీ 130 రూపాయలు మించకూడదన్నారు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆపైన ఒక్కో పే చానల్‌కి ఒక్కో ధర, అది తెరమీద కనబడాలన్నారు. 2020లో అదే 130కి 200 చానళ్లు చేశారు. 2024 జూలైలో ఆ చార్జీ మీద పరిమితే ఎత్తేసి, ఎంత తీసుకోవాలో కంపెనీలకే వదిలేశారు. చూశారా, వీటన్నిటినీ గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటే సీరియల్ ఎప్పుడు చూస్తాం?

కేబుల్‌వాడి ప్యాక్ తీసుకోండి. దాన్లో మీరు చూసే తెలుగు చానళ్లు ఏడెనిమిది ఉంటాయి. మిగతావి ఏ భాషవో చూడకండి. ఎక్కువ చానళ్లుంటే ఎక్కువ లాభం అని ఇంట్లో చెప్పండి. అత్తగారికి భక్తి చానల్, పిల్లలకి కార్టూన్, మీకు వార్తలు, ఇంతకన్నా వాడుక లేదు కదా, విడివిడిగా తీసుకుంటే ఎంతవుతుందో చూద్దామా అని ఎవరైనా అంటే, రిమోట్ వాళ్ల చేతికిచ్చి బాక్సు మెనూలోకి వెళ్లమనండి. రెండు నిమిషాల్లో వాళ్లే విరమించుకుంటారు.

క్రికెట్ సీజన్‌కి వారం ముందు ప్యాక్ మారి స్పోర్ట్స్ చానల్ పోతుంది. అప్పుడు దానికి విడిగా కట్టండి. సీజన్ అయిపోయాక తీసెయ్యమని చెప్పకండి. చెప్పాలంటే ఫోన్ చెయ్యాలి.

5. రౌటర్‌ను కనపడకుండా పెట్టండి.

దాని తీగలు హాలు అందం చెడగొడతాయి. టీవీ వెనకాల పెట్టండి, లేదా బీరువా మీద సూట్‌కేసుల వెనక పెట్టండి. వంటింట్లో ఫ్రిజ్ పక్కన అయితే మరీ మంచిది. రెండు కాంక్రీటు గోడలు దాటి మీ పడకగదిలోకి వచ్చేసరికి సిగ్నల్‌లో ఏం మిగులుతుందో దానితో సరిపెట్టుకోండి. సరిపోకపోతే 100 ఎంబీపీఎస్ నుంచి 200కి ప్లాన్ పెంచండి. రౌటర్ జరపడం కన్నా డబ్బు కట్టడం సులువు. 

స్పీడ్ టెస్ట్ చెయ్యాలనిపిస్తే పాత ఫోన్‌తో, దూరపు గదిలో, రాత్రి తొమ్మిదింటికి, ఇంట్లో అందరూ వీడియోలు చూస్తున్నప్పుడు చెయ్యండి. ఆ స్క్రీన్‌షాట్ కంపెనీకి పంపితే వాళ్లకి సంతోషం. లాప్‌టాప్‌కి నేరుగా తీగ గుచ్చి చూస్తే అసలు లోపం కంపెనీదో, మీ బీరువాదో తేలిపోతుంది. తేలితే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది, అందుకని గుచ్చకండి. డౌన్‌లోడ్ సెకనుకి 12 ఎంబీయే వస్తోంది, 100 అన్నారు కదా అని లైన్‌మేన్‌తో గొడవ పెట్టుకోండి. వాళ్లు చెప్పే 100 మెగాబిట్లు, ఫోన్ చూపించేది మెగాబైట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆ గొడవలో మీదే తప్పని తేలాక, నిజంగా స్పీడ్ పడిపోయిన రోజున మీ మాట ఎవరూ పట్టించుకోరు. మీకు అడిగే పని కూడా తప్పుతుంది.

"అన్‌లిమిటెడ్" అన్న మాట కింద చిన్న అక్షరాలుంటాయి. అద్దాలు తీసేసి సంతకం పెట్టండి.

6. లైన్‌మేన్ సొంత నంబరు సంపాదించండి, దాన్నే నమ్ముకోండి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. నంబరు ఇచ్చారంటే లెక్కలోకి ఎక్కినట్టే. లెక్కలోకి ఎక్కితే ఎన్ని గంటలు పోయిందో రేపు ఎవరైనా చూడగలరు. అంత దూరం దేనికి? లైన్‌మేన్‌కి పండక్కి ఐదొందలు ఇచ్చి ఉంచండి, నంబరు ఇస్తాడు. తర్వాత సంభాషణ ఇలా నడవాలి:

"అన్నా, నెట్ వస్తలేదు."

"డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతుందా అన్నా?"

"ఎలుగుతుంది."

"ఫైబర్ కట్ అయింది. జేసీబీ వాడు తవ్విండు. పోరగాండ్లు జాయింట్ కొడుతుండ్రు, గంటల వస్తది."

గంట తర్వాత మళ్లీ చెయ్యండి. సాయంత్రం మళ్లీ చెయ్యండి. మర్నాడు స్విచ్ఛాఫ్ వస్తుంది. అప్పుడు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కోపంగా ఒక మెసేజ్ పెట్టండి. ఎనిమిదిమంది "మాక్కూడా" అంటారు, ఇద్దరు ఏడుపు బొమ్మ పెడతారు, ఒకాయన గుడ్ మార్నింగ్ ఫొటో పెడతాడు. మనసు తేలికపడుతుంది. ఫిర్యాదు చేసినట్టే.

కొందరు అంతటితో ఆగరు. వాళ్ల దారిలో పోకండి, ఆ దారి ఎటు పోతుందో ముందే చెబుతాను. ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటాడు, ఆయనకి రాయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరు కూడా అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు. టెలికాం గొడవలు ఈ కమిషన్ల ముందుకు రాకూడదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. రావచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చేసింది. ఇంత తెలిసినవాడు చివరికి ఏం చేస్తాడు? రసీదులు, తేదీలు, ఫిర్యాదు నంబర్లు ఒక ఫైల్లో పెట్టుకుని తిరుగుతాడు. మూడో చిట్కా, ఈ చిట్కా పాటించినవాళ్ల దగ్గర ఆ మూడింట్లో ఏదీ ఉండదు కనుక మీకు ఆ ఫైలు బరువు లేదు.

7. పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వండి, బిల్లు పంచుకోండి.

ఒక్క కనెక్షన్, నాలుగు ఫ్లాట్లు, తలా నూటయాభై. ఇంతకన్నా కంపెనీని దెబ్బకొట్టే ఎత్తు లేదు. పాస్‌వర్డ్ మీ ఇంటిపేరు పక్కన 123 ఉంచండి, మర్చిపోరు. పై ఫ్లాట్ బ్యాచిలర్స్ వాళ్ల ఫ్రెండ్స్‌కి ఇస్తారు, వాళ్లు ఇంకొకళ్లకి ఇస్తారు. ఇవ్వనివ్వండి, మంచి పేరు వస్తుంది. ఆ కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా రికార్డుల్లో ఉండేది మీ పేరే, మీ ఆధారే. ఎవరో ఎవర్నో ఆన్‌లైన్‌లో మోసం చేస్తే సైబర్ పోలీసులు ముందు మీ తలుపే కొడతారు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, నలుగురి పేర్లూ చెప్పండి. నలుగురూ "మాకు తెలియదు, కనెక్షన్ ఆయనదే" అంటారు. అది కూడా నిజమే.

మూడో నెలనుంచి నూటయాభై ఇవ్వడం మానేస్తారు. అడగకండి, ఇరుగుపొరుగు.

8. బ్యాకప్ కోసం రెండో కనెక్షన్ తీసుకోండి, కానీ అదే కరెంటు స్తంభం మీంచి.

ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్లకి ఈ చిట్కా. మొదటిది పోతే రెండోది ఉండాలి కదా. పేరు వేరుగా ఉన్న కంపెనీ చూసుకోండి, బాక్సు రంగు వేరుగా ఉంటే ఇంకా ధీమా. ఆ కంపెనీ తీగ ఎటునుంచి వస్తోందని అడగకండి. చాలాచోట్ల రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీద, ఒకే కట్టగా వస్తాయి. కొన్నిచోట్ల ఫ్రాంచైజీ కూడా ఒక్కడే, రెండు బిల్లు పుస్తకాలు పట్టుకుని తిరుగుతాడు. లారీ తగిలినా, కొమ్మ విరిగినా, కరెంటోళ్లు వచ్చి కోసినా రెండూ ఒకే నిమిషంలో పోతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ సంస్థ తన స్తంభాల మీది కేబుళ్లు తీయించినప్పుడు, రెండేసి కనెక్షన్లున్న ఇళ్లకి ఒకటున్న ఇళ్లకి తేడా లేకుండా పోయింది. మేనేజర్‌కి మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు: "సార్, రెండు కనెక్షన్లూ పోయాయి, నా తప్పేముంది?" రోజంతా సెలవు. రెండు బిల్లులూ మామూలే.

9. మానెయ్యాలనుకుంటే చెప్పకండి. కట్టడం ఆపి ఊరుకోండి.

రాతపూర్వకంగా రద్దు చేయించుకుని, రౌటర్ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకోవడం ఓపికున్నవాళ్ల పని. మీరు ఫోన్ ఎత్తకండి. కొత్త నంబర్లనుంచి చేస్తే "రాంగ్ నంబర్" అనండి. డబ్బా అటక మీద పడెయ్యండి. ఊరెళ్లి నెలలు ఉండేటట్టయితే కేబుల్ టీవీ కనెక్షన్‌ను తాత్కాలికంగా ఆపించుకునే వీలుంది, నెలల లెక్కన. దానికి ముందుగా చెప్పాలి, అంచేత మనకి కాదు. రెండేళ్ల తర్వాత మీ ఏరియాలోకి మంచి కంపెనీ వచ్చిందనుకోండి, వాళ్ల లైన్ వేసేది మన పాత కేబుల్‌వాడే అయ్యుంటాడు, కొత్త ఏజెన్సీ తీసుకుని. పాత బాకీ కాగితం చూపిస్తాడు. తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తానంటాడు. ఇన్నాళ్లూ మీ పేరు గుర్తుంచుకున్నందుకు మంచిగా మాట్లాడి, వడ్డీతో కట్టి, పాత ప్లాన్‌లోనే కొనసాగండి. అటక మీది డబ్బా దించుకుంటే సరి.

10. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కనెక్షన్ మీ పేరునే వదిలెయ్యండి.

పేరు మార్చాలంటే కేవైసీ కావాలి, అద్దెకొచ్చేవాళ్ల ఆధార్ కావాలి, రెండుసార్లు ఓటీపీ చెప్పాలి. తాళంచెవులతోపాటు వైఫై పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసి ఓనరుగారికి ఇచ్చి బయల్దేరండి. బ్యాంకు నుంచి ఆటో పేమెంట్ పెట్టుకుని ఉంటే దాన్నీ ముట్టుకోకండి. కొత్త ఇంట్లో దిగాక సామాన్లు సర్దుకోండి, పాలు పొంగించుకోండి. సాయంత్రం లిఫ్ట్ దగ్గర సెక్రటరీగారు కనబడతారు. ఇక్కడ నెట్ ఎవరిదండీ అని అడగండి. "మా బిల్డింగ్‌కి ఒక్కటే వస్తుంది సార్, లైన్‌మేన్ నంబరు ఇస్తా రాసుకోండి" అంటారు. రాసుకోండి.